కాగితంతో కట్టిన పుట్టిల్లు

కొత్త మోడల్ జాకెట్టు కుట్టేముందు పాత పంచె ముక్కతోనో, చిరిగిన చీర గుడ్డతోనో మచ్చుకి ఒకటి కుట్టి చూసుకోవడం మనలో చాలామందికి అలవాటే. చంక దగ్గర పట్టేసిందా, భుజం జారిందా, టక్కులు సరైన చోట పడ్డాయా అన్నది ఆ మచ్చు జాకెట్టు మీదే తేల్చుకుని, ఆ తర్వాతే పట్టుగుడ్డ మీద కత్తెర పెడతాం. మచ్చు జాకెట్టు కుదరలేదని ఎవరూ బాధపడరు. ఎక్కడ కుదరదో తెలుసుకోవడానికేగా దాన్ని కుట్టింది!

కాగితంతో బొమ్మలు చేయడంలోనూ ఇదే పద్ధతి ఉంది. ఇప్పుడు అందులోకి కంప్యూటర్ కూడా వచ్చింది. ఇల్లు కానివ్వండి, గోపురం కానివ్వండి, ఏనుగు కానివ్వండి, అన్ని వైపులా తిప్పి చూసుకునేలా ముందు కంప్యూటర్లో తయారుచేస్తారు. తర్వాత దాన్ని విప్పి పరిచినట్టుగా కాగితం మీద ప్రింటు తీసుకుంటారు. దాన్ని కత్తిరించి, మడిచి, అతికిస్తే ఆ బొమ్మే మన చేతిలోకి వస్తుంది. మిఠాయి షాపువాళ్లిచ్చే అట్టపెట్టెని ఒకసారి విప్పి బల్ల మీద పరిచి చూడండి, సంగతి ఇట్టే అర్థమవుతుంది. మడతలు, అతికించడానికి వదిలిన చెవులు, అంతే కదండీ.

ఈ ఊహ చాలా పాతది. ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అనే జర్మనీ చిత్రకారుడు 1525లో అచ్చు వేయించిన రేఖాగణితం పుస్తకంలోనే ఇలా విప్పి పరిచిన ఆకారాలు గీశాడు. అప్పట్లో స్కేలు, వృత్తలేఖిని పట్టుకుని గీసినదాన్ని ఇప్పుడు కంప్యూటర్ క్షణాల్లో గీసిపెడుతుంది. జపాన్‌వాళ్ల పెపకుర డిజైనర్ అనే ప్రోగ్రాం ఇందుకోసమే తయారైంది. పేపర్ క్రాఫ్ట్ అనే మాటని వాళ్లు పలికే తీరులోంచి వచ్చిందే ఆ పేరు. మా అమ్మాయి వాడింది బ్లెండర్ అనే ప్రోగ్రాం. అది ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. దానికి ఎక్స్‌పోర్ట్ పేపర్ మోడల్ అనే చేర్పు జతచేసుకుంటే బొమ్మని ముక్కలుగా విప్పి, చెవులతో సహా కాగితానికి సరిపడా సర్దిపెడుతుంది. నేను చదివింది ఇంటర్ వరకే. కంప్యూటర్ పని అమ్మాయిది, కత్తెర పని నాది.

మేము కట్టింది మా పుట్టిల్లు. అమలాపురం దగ్గర ఒక పల్లెటూళ్లో మండువా లోగిలి అది. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ వసారాలు, వాటి వెనక గదులు, వీధివైపు రెండు అరుగులు, పెరట్లో గడ్డిమేటు. పెంకుల కప్పు నాలుగు వైపులా బయటికీ వాలుతుంది, లోపల మండువాలోకీ వాలుతుంది. వానొస్తే నాలుగు మూలల నుంచీ ధారలు పడేవి. గంగాళాలు పెట్టి పట్టుకునేవాళ్లం.

2021లో నాన్నగారు పోయారు. ఆయన వైద్యానికి చేసిన అప్పులు తీర్చడానికి 2023లో ఇల్లు అమ్మక తప్పలేదు. కొన్నవాళ్లు దాన్ని పడగొట్టి డాబా వేసుకున్నారు. వాళ్ల అవసరం వాళ్లది. అప్పటినుంచి అమ్మ రాజమండ్రిలో మా దగ్గరే, మూడో అంతస్తులో ఫ్లాట్‌లో ఉంటోంది. వచ్చిన రోజునుంచి ఆ ఇంటి ఊసు ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి లోపలికి వెళ్లిపోయేది. తిండి సగానికి సగం తగ్గిపోయింది. "ఏమ్మా, ఒంట్లో ఎలా ఉంది?" అంటే "నాకేం, బాగానే ఉన్నానుగా" అని గోడవైపు తిరిగి పడుకునేది. డెబ్బై నాలుగేళ్ల మనిషిని ఏమని అడుగుతాం చెప్పండి.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఇదంతా చూసి, "అమ్మా, అమ్మమ్మ ఇల్లు కాగితంతో కట్టేద్దాం" అంది. దస్తావేజులో కొలతలు ఉన్నాయి. పొడవు 42 అడుగులు, వెడల్పు 36, మండువా 12 అడుగులకి 10. మిగతావి 2001 నాటి నా పెళ్లి ఆల్బం చూసి వేసింది. అడుగుకి పావు అంగుళం చొప్పున లెక్క పెట్టుకున్నాం. అంటే ఇల్లు పదిన్నర అంగుళాల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు వస్తుంది. కంప్యూటర్లో ఇల్లు రెండు వారాల్లో నిలబడింది. కాగితం మీద మాత్రం ఆరుసార్లు కట్టాల్సి వచ్చింది. కంప్యూటర్లో గోడకి మందం ఉండదు, జిగురుకి తడి ఉండదు, వానాకాలం అసలే ఉండదు. అవన్నీ మచ్చు కట్టి చూస్తేనే బయటపడతాయి.

మొదటి ఇల్లు మామూలు జిరాక్సు కాగితంతో కట్టాం. కాగితాన్ని జీఎస్ఎం అనే లెక్కతో అమ్ముతారు. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్ఎం. జిరాక్సు కాగితం 70 నుంచి 80 దాకా ఉంటుంది. గోడలు ఎలాగో నిలబడ్డాయి కానీ కప్పు తడిగుడ్డలా జారిపోయింది. పైగా కప్పు గోడలకి సరిపోలేదు, పొట్టిగా వచ్చింది. మడతలు కూడా తిరగబడి, మండువాలోకి వాలాల్సిన కప్పు పువ్వు రేకుల్లా పైకి లేచింది.

ఒకేసారి మూడు జబ్బులన్నమాట. ఆవకాయ కుదరనప్పుడు ఉప్పు, కారం, నూనె మూడూ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు కదా. అలాగే ఇక్కడా ఒక్కొక్కటే తీసుకున్నాం. ఇల్లంతా మళ్లీ కట్టలేదు. ఒక గోడ, దాని మీది కప్పు మూల, అంతవరకే మచ్చు తీసుకున్నాం.

కప్పు పొట్టిగా రావడానికి కారణం ప్రింటరు. గోడలు ఒకరోజు, కప్పు ఒకరోజు ప్రింటు తీయించాం. రెండోరోజు షాపు కంప్యూటర్లో 'కాగితానికి సరిపెట్టు' అనే గుర్తు పడి ఉంది. దాంతో అది బొమ్మని నూటికి 96 వంతులకి కుదించి అచ్చు వేసింది. పదిన్నర అంగుళాల మీద నాలుగు వంతులు తగ్గితే దగ్గర దగ్గర అర అంగుళం తేడా వస్తుంది. అప్పటినుంచి ప్రతి కాగితం అంచునా సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత ఒకటి పెట్టించాను. షాపులోనే స్కేలు పెట్టి కొలిచి, సరిపోతేనే తీసుకోవడం.

ఇక మడతలు. పైకి ఉబ్బాల్సిన మడతకి ఒక రకం గీత, లోపలికి పోవాల్సిన మడతకి ఇంకో రకం గీత ఉంటాయి. నల్ల ప్రింటులో రెండూ ఒకేలా కనిపించాయి. మా కప్పుకి బయటి మూలలు పైకి ఉబ్బాలి, మండువా మూలలు లోపలికి పోవాలి. అమ్మాయి బయటి మడతలకి నీలం, లోపలి మడతలకి ఎరుపు రంగు పెట్టింది. దాంతో ఆ తికమక పోయింది.

రెండో ఇంటికి కాగితం మార్చాం. గట్టిగా ఉండాలని 300 జీఎస్ఎం అట్ట తెచ్చాం. అది శుభలేఖలకి వాడే అట్టంత దళసరి. గోడలు రాతి గోడల్లా నిలబడ్డాయి కానీ మడత పెట్టిన ప్రతిచోటా అట్ట పగిలి తెల్లని చారలు పడ్డాయి. మండువా గోడలు వసారాల మధ్యలో ఇమడలేదు. అట్టకి మందం ఉంది, చెవి అతికించిన చోట అది రెండింతలవుతోంది. నాలుగు గోడలకీ కలిపి ఆ మందమే మండువాని మింగేసింది.

పగుళ్ల సంగతి మాత్రం చిత్రంగా అనిపించింది. కొన్ని మడతలు పగిలాయి, కొన్ని పగల్లేదు. పగలనివన్నీ ఒకే దిక్కున ఉన్నాయి. గుడ్డకి నిలువు పోగు, అడ్డపోగు ఉన్నట్టే కాగితానికీ వాలు ఉంటుంది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు అందులోని నారలు మరసాగే దిక్కునే ఎక్కువగా పడుకుంటాయి. ఆ వాలులో మడిస్తే మడత సాఫీగా వస్తుంది, అడ్డంగా మడిస్తే నారలు విరుగుతాయి. దినపత్రికని నిలువునా, అడ్డంగా చింపి చూడండి. ఒకవైపు తిన్నగా చిరుగుతుంది, రెండోవైపు వంకరలు పోతుంది. తిన్నగా చిరిగేదే వాలు.

అందుకని మూడో ఇంటికి మధ్యరకం, 180 జీఎస్ఎం కాగితం తీసుకున్నాం. పొడుగాటి మడతలన్నీ వాలులో పడేలా అమ్మాయి ముక్కల్ని తిప్పి సర్దింది. మడిచే ముందు ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో, స్కేలు ఆనించి గీత మీద నొక్కి లాగాను. మడత కత్తితో కోసినట్టు వచ్చింది. లోపల ఇమడాల్సిన ముక్కల్ని వెంట్రుకవాసి తగ్గించాం.

ఈ ఇల్లు నిలబడింది. నిలబడి, తెల్లారేసరికి వంకర తిరిగింది! అవి శ్రావణమాసపు వానలు. గాలిలో తడి, దానికి తోడు తెల్ల జిగురులోని నీళ్లు. కాగితం తడిస్తే నారల పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఒకవైపు మాత్రమే జిగురు పడితే ఆవైపు ఉబ్బి గోడ విల్లులా వంగుతుంది. దానికి మందు చాలా తేలిక. జిగురుని గిన్నెలోంచి వేలితో కాక, అగ్గిపుల్ల కొసతో చెవి మీద మాత్రమే పల్చగా రాయాలి. అతికించిన గోడని లావుపాటి పుస్తకం కింద పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. అప్పడాలు ఎండబెట్టినప్పుడు ఎంత ఓపిక పడతామో అంత ఓపిక చాలు.

నాలుగో ఇల్లు స్తంభాల దగ్గర ఆగింది. వసారా స్తంభాలు మా లెక్కలో 4 మిల్లీమీటర్ల లావు. కంప్యూటర్లో గుండ్రని స్తంభాన్ని పన్నెండు పలకలుగా చేస్తే నున్నగా కనిపించింది కానీ, విప్పితే ఒక్కో పలక మిల్లీమీటరు వెడల్పు వచ్చింది. దాన్ని ఎవరు మడవగలరండీ! ఆ పలకల్ని తీసేసి, సన్నటి కాగితం పట్టీని 4 మిల్లీమీటర్ల స్వెట్టరు సూదికి చుట్టి, కొస అతికించి, సూది లాగేశాను. పది నిమిషాల్లో పన్నెండు స్తంభాలు తయారు. కంప్యూటర్లో అందంగా ఉన్నదల్లా కాగితానికి పనికిరాదని ఆ పలకలు చెప్పాయి.

గడ్డిమేటు ఇంకా మొండిది. గొట్టాన్నీ, పొట్లాన్నీ విప్పి పరచొచ్చు. బంతిలా ఉన్నదాన్ని మాత్రం ముడత పడకుండా, సాగదీయకుండా పరచడం ఎవరివల్లా కాదు. బత్తాయి తొక్కని బల్ల మీద అదిమితే చిరుగుతుంది చూడండి, అలాగే. 1827లో గౌస్ అనే జర్మన్ గణిత శాస్త్రవేత్త ఈ సంగతి లెక్కవేసి రుజువు చేశాడు. మన టైలర్లు లెక్క లేకుండానే జాకెట్టుకి టక్కులు వేస్తారు. చదునైన గుడ్డకి గుండ్రదనం రావాలంటే ఎక్కడో ఒకచోట కొంత గుడ్డ లోపలికి పోవాలి మరి. గడ్డిమేటుని కూడా బత్తాయి తొనల్లాగా ఎనిమిది రేకులు చేసి, కొసలు కలిపి అతికించాం.

అయిదో ఇల్లు కుదిరింది. ఎక్కడా వంకర లేదు, సందు లేదు. కప్పు మీద పెంకుల గీతలు కూడా పడ్డాయి. తీసుకెళ్లి అమ్మ మంచం పక్కన స్టూలు మీద పెట్టాం. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. నేనూ అమ్మాయీ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం.

"ఇది మనిల్లు కాదే" అంది.

అమ్మాయి మొహం వాడిపోయింది. "కొలతలన్నీ దస్తావేజులోవే అమ్మమ్మా" అంది.

"కొలతలదేముందే. ఇందులోకి నిటారుగా నడిచి వెళ్లిపోవచ్చు. మనింట్లోకి అలా ఎవరొచ్చారు? చూరు ఇక్కడుండేది" అని అమ్మ మంచం దిగి, లేచి నిలబడి, తన నుదుటి మీద చెయ్యి పెట్టి చూపించింది. "మీ తాతగారంతటివారూ వంగే లోపలికొచ్చేవారు. మీ అమ్మ పెళ్లినాడు మీ తాతయ్య, అదే మీ నాన్న తండ్రి, చూసుకోక గుద్దుకుంటే బొప్పి కట్టింది. వెన్నపూస రాశాం. మగపెళ్లివారికి మర్యాద చేశామని మీ పెదతాతయ్య ఒకటే నవ్వు!"

అంటూ తనూ నవ్వింది. రెండేళ్ల తర్వాత ఆ ఇంటి గురించి అమ్మ నోటివెంట వచ్చిన మొదటి మాటలవి.

దస్తావేజులో పొడవు వెడల్పులు రాస్తారు కానీ చూరు ఎత్తు ఎవరు రాస్తారు? ఫొటోల్లో చూద్దామంటే పెళ్లి పందిరి, మామిడి తోరణాలు చూరుని కప్పేశాయి. అమ్మాయి ఏడున్నర అడుగుల ఎత్తు వేసింది. అమ్మ నుదురు దగ్గర టేపు పెట్టి కొలిస్తే, అరుగు ఎత్తూ అవీ కలుపుకుని అయిదున్నర అడుగుల దగ్గర తేలింది. ఆ సాయంత్రం అమ్మాయి కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటే అమ్మ చెబుతూనే ఉంది. వంటింటి కిటికీకి మూడే చువ్వలని, నాన్నగారు పడక్కుర్చీ వేసుకునేది ఎడమవైపు అరుగు మీదేనని, మండువాలో తులసికోట మధ్యలో కాదు, ఈశాన్యం మూలగా ఉండేదని. రాత్రి అన్నం కూడా మాతోపాటు కూర్చుని తింది.

నాకు ఒకటి అనిపించిందండీ. ముందే వెళ్లి "అమ్మా, చూరు ఎంత ఎత్తుండేది?" అని అడిగి ఉంటే "ఏమో, గుర్తులేదు" అనేసి అటు తిరిగి పడుకునేది. తేడా ఉన్న ఇల్లు కళ్లముందు పెట్టేసరికి ఊరుకోలేకపోయింది. సరిదిద్దడానికి నోరు విప్పింది. నాలుగు మచ్చులు కాగితం సంగతి చెప్తే, అయిదోది ఎవరూ అడగలేని సంగతిని అమ్మ నోట చెప్పించింది.

ఆరో ఇంటికి కప్పుని అదే వాలులో బయటికి సాగదీశాం. రెండడుగులు కిందకి దిగాలంటే మూడడుగులు బయటికి రావాలి. అంటే రెండువైపులా కలిపి 48 అడుగులు, మన లెక్కలో 12 అంగుళాలు. ఏ-ఫోర్ కాగితం పొడవు 11.7 అంగుళాలే! అందుకని కప్పుని నట్టనడుమ రెండుగా కోసి, అతుకు మీద పెంకుల పట్టీ ఒకటి అంటించాం. కంప్యూటర్‌తో లాభం ఇక్కడే కనిపించింది. కొలత మార్చి మళ్లీ విప్పమంటే అరగంటలో కొత్త కాగితాలు వచ్చాయి. చేతితో గీసి ఉంటే వారం పట్టేది.

ఇప్పుడా ఇల్లు హాల్లో అద్దాల బీరువాలో ఉంది. ఇంటికి ఎవరొచ్చినా అమ్మే తీసి చూపిస్తుంది. మొదటి అయిదూ అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి. ఒక్కోదాని మీద తేదీ, ఏ కాగితం, ఎక్కడ చెడింది అన్నది పెన్నుతో రాసిపెట్టాను. అమ్మాయి తన కాలేజీలో చూపించడానికి తీసుకెళ్లింది ఆరోది కాదు, ఆ పెట్టెనే. ఆరు ఇళ్లకీ కలిపి కాగితం, ప్రింటు ఖర్చు ఆరు వందల లోపే అయింది.

మీరూ ఇలాంటిదేదైనా చేయాలనుకుంటే ఈ చిట్కాలు ఉపయోగపడతాయి.

1. మొదటిసారే ఇల్లూ గోపురమూ వద్దు. చిన్న పెట్టెతోనో, దీపావళి లాంతరుతోనో మొదలుపెట్టండి.

2. మొత్తం కట్టకండి. అనుమానం ఉన్న మూల వరకే మచ్చు తీసి చూడండి.

3. ప్రతి కాగితం మీదా 10 సెంటీమీటర్ల గీత పెట్టించి, ప్రింటు రాగానే కొలవండి.

4. 160 నుంచి 200 జీఎస్ఎం కాగితం ఇంటి బొమ్మలకి బాగుంటుంది. కొనేముందు ఒక ముక్క అడిగి, నిలువుగా, అడ్డంగా మడిచి వాలు చూసుకోండి.

5. ఒకసారికి ఒకటే మార్చండి. మార్చింది మచ్చు మీదే రాయండి. పారేయకండి.

6. జిగురు తక్కువ, ఆరబెట్టడం ఎక్కువ. వానాకాలంలో అయితే రాత్రంతా బరువు కింద ఉంచండి.

7. పాత ఇల్లు కడుతుంటే, పూర్తయ్యేదాకా దాచిపెట్టకుండా సగంలోనే ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి. వాళ్లు కాదన్న ప్రతిదాన్నీ రాసుకోండి. పక్కన టేపు కూడా ఉంచుకోండి, కొలతలు వాళ్ల చేతుల్లోనే ఉంటాయి.